నడక, వ్యాయామం, బరువు: తరచుగా అడిగే ప్రశ్నలు

బరువు తగ్గాలని కొత్తగా నడక మొదలుపెట్టినవాళ్లు, మొదలుపెట్టాలా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లు, మధ్యలో ఆపేసి మళ్లీ చేద్దామనుకుంటున్నవాళ్లు పదే పదే అడిగే ప్రశ్నలివి. పెద్ద జబ్బులేవీ లేని పెద్దవాళ్లను దృష్టిలో పెట్టుకుని జవాబులు రాశాను. గుండెజబ్బు, షుగర్, బీపీ ఉన్నవాళ్ల కోసం కింద విడిగా ఒక ప్రశ్న ఉంది. వాళ్లు ముందు అది చదివి, ఆ తర్వాత మిగతావి చూడాలి.

వ్యాయామం ఒక్కటే చేస్తే బరువు తగ్గుతానా?

కొంత తగ్గుతారు. కానీ చాలామంది ఆశించినంత కాదు. ఈ మాట మొదటే చెప్పడం మంచిది. ఎందుకంటే రెండు నెలలు చెమటోడ్చినా తూకంలో పెద్దగా తేడా కనిపించక, విసిగిపోయి మానేసేవాళ్లు చాలామంది.

లెక్క ఇదీ. ఒక కిలో కొవ్వులో సుమారు 7,700 కేలరీల శక్తి నిల్వ ఉంటుంది. 70 కిలోల మనిషి చదును నేల మీద ఒక కిలోమీటరు నడిస్తే, ఊరికే కూర్చున్నా ఖర్చయ్యేది పక్కన పెడితే, అదనంగా ఖర్చయ్యేది 35 నుంచి 40 కేలరీలు. 5 కిలోమీటర్లు నడిచినా 200 దాటదు. ఇంటికొచ్చాక ఒక గ్లాసు కూల్‌డ్రింకు, రెండు మూడు బిస్కెట్లు తీసుకుంటే ఆ గంట కష్టం అక్కడికి సరి. అదే దూరం పరుగెత్తితే ఖర్చు దాదాపు రెట్టింపవుతుంది. కాకపోతే చాలామందికి అలసట కూడా అంతే పెరిగి, మిగతా రోజంతా కుర్చీకి అతుక్కుపోతారు.

ఇంకో సంగతి కూడా ఉంది. మనం ఎక్కువ కదిలితే శరీరం లోపల ఇంకెక్కడో పొదుపు మొదలుపెడుతుంది. టాంజానియాలో వేటాడుతూ, దుంపలూ తేనే సేకరిస్తూ బతికే హడ్జా తెగవాళ్ల శక్తి ఖర్చును హెర్మన్ పాంట్జర్ బృందం కొలిచి 2012లో ఫలితాలు ప్రచురించింది. పగలంతా తిరిగే ఆ మనుషులూ, పాశ్చాత్య దేశాల్లో కూర్చుని పనిచేసే మనుషులూ, శరీర పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుంటే, రోజు మొత్తం మీద ఖర్చు చేసే శక్తి దాదాపు ఒకటేనని తేలింది. మెషీన్ మీద కనిపించే కేలరీల అంకె అంతా కొవ్వు రూపంలో కరిగిపోతుందనుకోకూడదని దీన్నిబట్టి అర్థం చేసుకోవచ్చు.

కాబట్టి బరువు దిగడంలో పెద్ద వాటా తిండిది. రోజుకు 300 కేలరీలు తగ్గించి తినడం, రోజూ అదనంగా 8 కిలోమీటర్లు నడవడం, లెక్కలో రెండూ ఒకటే. చాలామందికి మొదటిదే సులువు.

అలాంటప్పుడు అసలు వ్యాయామం ఎందుకు?

ఈ పేజీలో నాకు అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే. బరువు దించేది ముఖ్యంగా తిండి అయితే, దిగిన బరువును నిలబెట్టేది కదలిక. తిండి తగ్గించి ఏదోలా 10 కిలోలు తగ్గినవాళ్లు మన చుట్టూ చాలామందే ఉంటారు. రెండేళ్ల తర్వాత అదే బరువు మీద ఉన్నవాళ్లు మాత్రం తక్కువ. అలా నిలబడ్డవాళ్ల వివరాలు సేకరించడానికే అమెరికాలో 1994లో రీనా వింగ్, జేమ్స్ హిల్ అనే ఇద్దరు పరిశోధకులు ఒక రిజిస్ట్రీ మొదలుపెట్టారు. కనీసం 13.6 కిలోలు తగ్గి, ఏడాదికి పైగా అలాగే ఉన్నవాళ్లనే అందులో చేర్చుకుంటారు. వాళ్లు తగ్గిన పద్ధతులు రకరకాలు. నిలబెట్టుకున్న పద్ధతిలో మాత్రం ఒక పోలిక బలంగా కనిపించింది: సగటున రోజుకు గంటసేపు ఏదో ఒక శారీరక శ్రమ. వాళ్లలో ఎక్కువమంది ఎంచుకున్నది మామూలు నడక.

రెండో కారణం కండ. తిండి మాత్రమే తగ్గిస్తే శరీరం కొవ్వుతో పాటు కండను కూడా కోల్పోతుంది. కండ పోతే మెట్లెక్కే బలం పోతుంది, విశ్రాంతిలో ఖర్చయ్యే శక్తి కూడా కొంచెం తగ్గుతుంది. కండరాలకు పని చెబుతూ బరువు తగ్గితే పోయేదాంట్లో కొవ్వు వాటా పెరుగుతుంది.

మూడోది బరువుతో నిమిత్తం లేని లాభం. 1953లో జెరెమీ మోరిస్ అనే వైద్యుడు లండన్ డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించాడు. డ్రైవర్లు రోజంతా కూర్చునే ఉంటారు. కండక్టర్లు టికెట్లు ఇస్తూ రోజంతా పై అంతస్తుకూ కిందకూ తిరుగుతారు. గుండెజబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది, వచ్చినా అంత తీవ్రంగా లేదు. అప్పటి నుంచి ఎన్నో పరిశోధనలు ఇదే దిక్కు చూపించాయి. షుగర్ వచ్చే ప్రమాదం అంచున ఉన్నవాళ్ల మీద అమెరికాలో జరిపి 2002లో ప్రచురించిన పెద్ద అధ్యయనంలో రెండే లక్ష్యాలు పెట్టారు: శరీర బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల శ్రమ. ఆ గుంపులో షుగర్ బారిన పడ్డవాళ్లు 58 శాతం తగ్గారు. అదే అధ్యయనంలో మందు వేసుకున్న గుంపులో తగ్గింది 31 శాతం.

అందుకే వ్యాయామాన్ని తూకం అంకెతో మాత్రమే కొలవొద్దని గట్టిగా చెబుతాను. నిద్ర, నడుము కొలత, బీపీ, మెట్లెక్కినప్పుడు వచ్చే ఆయాసం, ఇవన్నీ తూకం కంటే ముందే మారతాయి.

వారానికి ఎంతసేపు చేయాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో ఇచ్చిన సూచన ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ, లేదా 75 నుంచి 150 నిమిషాలు గట్టి శ్రమ చేయాలి. రెండూ కలిపి కూడా చేసుకోవచ్చు. వీటికి తోడు వారానికి కనీసం రెండు రోజులు పెద్ద కండరాలన్నిటికీ బలం పెంచే వ్యాయామం. తగ్గిన బరువు నిలబెట్టుకోవాలంటే 300 నిమిషాల వైపు వెళ్లాల్సి వస్తుంది. కానీ ఆ అంకె చూసి భయపడొద్దు. అసలేమీ చేయని మనిషి కొంచెం మొదలుపెట్టినప్పుడే లాభం అన్నిటికంటే ఎక్కువ.

నేను చేసేది ఓ మోస్తరా, గట్టిదా? ఎలా తెలుస్తుంది?

నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలుగుతారు, పాట మాత్రం పాడలేరు: అది ఓ మోస్తరు. నాలుగు మాటలు అనగానే ఊపిరి కోసం ఆగాల్సి వస్తోంది: అది గట్టి శ్రమ. ఇంతకంటే నమ్మకమైన పరికరం మొదట్లో అక్కర్లేదు.

గుండె వేగం చూసుకునేవాళ్లు 220లోంచి వయసు తీసేసి గరిష్ఠ వేగం అనుకుంటారు. అది సగటు మాత్రమే. ఒకే వయసు ఉన్న ఇద్దరికి 20 దాకా తేడా ఉండొచ్చు. వాచీలో అంకె ఒకటి చెప్పి ఒళ్లు ఇంకొకటి చెబితే ఒంటి మాటే వినండి.

రోజుకు 10,000 అడుగులు తప్పనిసరా?

కాదు. ఆ అంకె వైద్య పరిశోధనలోంచి వచ్చింది కాదు. 1964 టోక్యో ఒలింపిక్స్ తర్వాత, 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక అడుగుల లెక్క పరికరంతో అది ప్రచారంలోకి వచ్చింది. ఐ-మిన్ లీ బృందం సగటున 72 ఏళ్ల వయసున్న దాదాపు 17 వేల మంది మహిళలను గమనించి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, రోజుకు 2,700 అడుగులు వేసేవాళ్లకంటే 4,400 వేసేవాళ్లలో మరణాలు స్పష్టంగా తక్కువగా ఉన్నాయి. 7,500 దగ్గరికి వచ్చేసరికి అదనపు లాభం కనిపించకుండా పోయింది. వయసు తక్కువైతే ఆ గీత ఇంకొంచెం పైన ఉండొచ్చు.

ముందు మీరు ఇప్పుడు రోజుకు ఎన్ని వేస్తున్నారో ఒక వారం చూసుకోండి. ఆ సగటుకు 1,000 కలపండి. అది అలవాటయ్యాక ఇంకో 1,000.

ఏళ్ల తరబడి కదల్లేదు. ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

మీకు సిగ్గుగా అనిపించేంత తక్కువతో మొదలుపెట్టండి. మనలో ఆరంభశూరత్వం ఎక్కువ. మొదటి రోజే గంట నడిచి, మర్నాడు పిక్కలు పట్టేసి, మూడో రోజు నుంచి ఇంట్లోనే ఉండిపోతాం. గుండె, ఊపిరితిత్తులు కొన్ని వారాల్లోనే కొత్త పనికి అలవాటు పడతాయి. ఎముకలను, కండరాలను పట్టి ఉంచే స్నాయువులకు నెలలు పడుతుంది. దమ్ము పెరిగింది కదా అని దూరం ఒక్కసారి పెంచేస్తే మడమ, పిక్క ఎముక, మోకాలు దెబ్బతినేది ఈ తేడా వల్లే.

మొదటి రెండు వారాలు రోజూ 10 నిమిషాల నడక చాలు. వేగం గురించి ఆలోచించొద్దు. వేళ మాత్రం తప్పించొద్దు. మూడో వారం నుంచి రోజుకు 5 నిమిషాల చొప్పున వారం వారం పెంచుకుంటూ పోతే రెండో నెల దాటాక సులువుగా 40 నిమిషాల దగ్గర ఉంటారు. అప్పుడు మధ్య మధ్యలో ఒక్కో నిమిషం జోరుగా నడవండి.

పరుగు నేర్చుకోవాలంటే కూడా ఇదే దారి. జోష్ క్లార్క్ అనే ఆయన 1996లో తయారుచేసిన 9 వారాల పద్ధతి ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్నారు. వారానికి మూడు రోజులు, మొదటి వారంలో 60 సెకన్ల జాగింగ్, 90 సెకన్ల నడక మార్చి మార్చి చేస్తారు. చివరికి 30 నిమిషాలు ఆగకుండా పరుగెత్తగలుగుతారు. 9 వారాలు మీకు 15 వారాలైనా పర్వాలేదు. ఏ వారం కష్టంగా అనిపిస్తే ఆ వారాన్నే మళ్లీ చేయండి.

పొట్ట ఒక్కటే తగ్గాలంటే ఏం చేయాలి?

ఒక్కచోట కొవ్వును ఎంచి తగ్గించే వ్యాయామం లేదు. పొట్ట కండరాల వ్యాయామాలు ఎన్ని చేసినా లోపలి కండరం బలపడుతుంది, దాని మీదున్న కొవ్వు పొర అలాగే ఉంటుంది. కొవ్వు ఏ క్రమంలో పోవాలో పుట్టుక, వయసు, హార్మోన్లు నిర్ణయిస్తాయి. కొందరికి ముందు ముఖం చిక్కుతుంది, పొట్ట చివరికి గానీ తగ్గదు.

అయితే ఒక మంచి కబురుంది. పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ పేరుకునే లోపలి కొవ్వు ప్రమాదకరమైనది. అది మాత్రం నడక, పరుగు, ఈత లాంటి వాటికి బాగానే స్పందిస్తుంది. తూకం పెద్దగా మారకపోయినా అది తగ్గొచ్చు. నడుము చుట్టుకొలత మీ ఎత్తులో సగానికి లోపల ఉండాలన్నది సులువైన గుర్తు. ఎత్తు 164 సెంటీమీటర్లయితే నడుము 82 లోపు.

బాగా చెమట పడితే ఎక్కువ కొవ్వు కరిగినట్టేనా?

కాదు. చెమట ఒంటిని చల్లబరిచే ఏర్పాటు, అంతే. చెమటతో పోయిన బరువు రెండు గ్లాసుల నీళ్లు తాగగానే తిరిగొస్తుంది. కొవ్వు నిజంగా బయటికి వెళ్లే దారి చాలామందికి తెలియదు. 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు బొగ్గుపులుసు వాయువుగా మారి ఊపిరితో బయటికి పోతుంది, మిగతా 1.6 కిలోలు నీరవుతుంది. ఈ లెక్కను మీర్‌మన్, బ్రౌన్ అనే ఇద్దరు ఆస్ట్రేలియా పరిశోధకులు 2014లో ప్రచురించారు.

చెమట కోసమని ప్లాస్టిక్ జాకెట్లు, పొట్టకు బిగించే పట్టీలు వేసుకుని పరుగెత్తేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. ఒంట్లోని వేడి బయటికి పోయే దారి మూసేస్తే వడదెబ్బ తగులుతుంది. అలా ప్రాణాలు పోయిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మొదటి వారం 2 కిలోలు తగ్గాను. తర్వాత ఆగిపోయింది. ఎందుకు?

మొదటి వారం పోయింది ఎక్కువగా నీరు. కాలేయంలో, కండరాల్లో గ్లైకోజెన్ అనే పిండి నిల్వ ఉంటుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ సుమారు 3 గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. తిండి తగ్గించి, వ్యాయామం పెంచగానే ఆ నిల్వ కరిగి, నీరూ పోతుంది. తర్వాత అసలు కొవ్వు నెమ్మదిగా తగ్గుతుంది. వారానికి అర కిలో నుంచి కిలో దాకా తగ్గితే అది మంచి వేగమే.

కొన్ని నెలల తర్వాత వచ్చే ఆగుడు వేరు. బరువు తగ్గిన ఒంటికి నడవడానికైనా, కూర్చోవడానికైనా తక్కువ శక్తి చాలు. ఆకలి కూడా ముందుకంటే పెరుగుతుంది. 85 కిలోలప్పుడు పనిచేసిన తిండి లెక్క 75 దగ్గర పనిచేయకపోవడానికి కారణం ఇదే. మీరు ఏదో తప్పు చేస్తున్నారని కాదు. అక్కడ కొన్నాళ్లు బరువు నిలబెట్టుకోవడం కూడా విజయమే. నిజానికి మొదటి బరువులో 5 నుంచి 10 శాతం తగ్గి నిలబడితే చాలు, బీపీ, షుగర్, కొలెస్టరాల్ లెక్కలు బాగుపడతాయి.

రోజూ తూకం చూసుకునే అలవాటుంటే ఒక్క రోజు అంకెను పట్టించుకోవద్దు. ఉప్పు, నెలసరి, నిన్నటి గట్టి వ్యాయామం, వీటిలో ఏదైనా ఒకటి రెండు కిలోలు అటూ ఇటూ చేస్తుంది. వారం సగటు చూడండి. అంకె చూస్తేనే టెన్షన్ వచ్చేవాళ్లు నెలకోసారి టేపుతో నడుము కొలుచుకుంటే సరిపోతుంది.

బరువులు ఎత్తడం అవసరమా? ఆడవాళ్లు చేస్తే కండలు తిరిగిపోవా?

అవసరమే, ఆడవాళ్లకు మరీ అవసరం. 30 ఏళ్లు దాటాక, ఏమీ చేయకపోతే ప్రతి పదేళ్లకు 3 నుంచి 8 శాతం కండ తరిగిపోతుంది. నెలసరి ఆగిన తర్వాత ఎముకల సాంద్రత కూడా వేగంగా పడిపోతుంది. ఈ రెండింటినీ అడ్డుకునేది బరువు మోసే వ్యాయామమే. కండలు తిరగాలంటే ఏళ్ల తరబడి ప్రత్యేకమైన సాధన, ఎక్కువ తిండి కావాలి. కండ పెంచే టెస్టోస్టెరాన్ అనే హార్మోన్ ఆడవాళ్లలో మగవాళ్లకంటే చాలా తక్కువ. పొరపాటున ఎవరికీ కండలు తిరిగిపోవు.

జిమ్ లేకుండానే చేయొచ్చు. కుర్చీలోంచి చేతులు వాడకుండా లేవడం, కూర్చోవడం. గోడకు చేతులు ఆనించి పుషప్స్, బలం వచ్చాక బల్ల మీద, ఆ తర్వాత నేల మీద. నీళ్ల సీసాలు నింపిన సంచిని నడుము వంచకుండా, మోకాళ్లు వంచి ఎత్తడం. మెట్టు ఎక్కి దిగడం. ఒక్కోటి 8 నుంచి 12 సార్లు, రెండు మూడు విడతలు. చివరి రెండు సార్లు కష్టంగా ఉండాలి. సులువుగా అయిపోతుంటే బరువు పెంచాలి. ఇక తిండిలో ప్రొటీన్ చూసుకోండి. బరువు తగ్గే రోజుల్లో, కిడ్నీ జబ్బు లేనివాళ్లకు, కిలో బరువుకు రోజుకు 1.2 నుంచి 1.6 గ్రాముల దాకా ఉంటే కండ నిలుస్తుంది.

పరుగెత్తితే మోకాళ్లు అరిగిపోతాయంటారు. నిజమా?

సరదాకు, ఆరోగ్యానికి పరుగెత్తేవాళ్లలో మోకీళ్ల అరుగుదల, అసలు పరుగెత్తని వాళ్లకంటే ఎక్కువేమీ లేదని చాలా అధ్యయనాల్లో తేలింది. కీలుకు సరైన మోతాదులో పని చెబితే మృదులాస్థి దానికి అలవాటు పడుతుంది. మోకాలిని బాధపెట్టే పెద్ద కారణాల్లో అధిక బరువు, పాత దెబ్బలు ముందుంటాయి. మోకీళ్ల నొప్పులున్న పెద్దవాళ్ల మీద 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఒక కిలో తగ్గితే ప్రతి అడుగులో మోకాలి మీద పడే భారం 4 కిలోలు తగ్గిందని తేలింది. రోజుకు వేల అడుగులు వేస్తాం కదా, లెక్క వేసుకోండి.

అయినా బరువు బాగా ఎక్కువ ఉన్నవాళ్లు పరుగుతో మొదలుపెట్టొద్దు. ముందు నడక, సైకిల్, ఈత. నడుము లోతు నీళ్లలో నిలబడితే కాళ్ల మీద భారం దాదాపు సగమవుతుంది. ఈత రాకపోయినా ఆ నీళ్లలో నడిస్తే చాలు, చక్కటి వ్యాయామం. నీళ్లలో ఒంటరిగా మాత్రం దిగొద్దు.

జిమ్ మంచిదా, ఆరుబయట మంచిదా?

మీరు ఏడాది తర్వాత కూడా చేస్తూ ఉండేది ఏదో అదే మంచిది. నా మొగ్గు మాత్రం ఆరుబయట వైపే, దానికి కారణాలున్నాయి. బయట నేల ఎగుడుదిగుడుగా ఉంటుంది. ప్రతి అడుగూ కొంచెం వేరుగా పడుతుంది కాబట్టి చీలమండ, తుంటి చుట్టూ ఉండే చిన్న కండరాలకు పని దొరుకుతుంది. ఎదురుగాలి, చిన్న చిన్న ఎత్తులు మనకు తెలియకుండానే శ్రమ పెంచుతాయి. పొద్దుటి వెలుగు కళ్లలో పడితే ఒంట్లోని గడియారం సరిగ్గా నడుస్తుంది, రాత్రి నిద్ర తొందరగా పడుతుంది. నిద్ర చాలని మర్నాడు ఆకలి ఎంత పెరుగుతుందో అనుభవించినవాళ్లకు తెలుసు. అన్నిటికీ మించి, బయటికి వెళ్తే దృష్టి చెట్ల మీద, దారి మీద, పక్కనున్న మనిషి మాటల మీద ఉంటుంది. నిమిషాలు లెక్కపెట్టాలనిపించదు.

జిమ్‌లో బరువులు సులువుగా, కొలతగా పెంచుకోవచ్చు. ఎండ, వాన, చీకటి అడ్డం కావు. రెండూ కుదిరితే అంతకంటే కావలసింది లేదు.

కొండలు, అడవి దారుల్లో నడవాలని ఉంది. ఏమేం చూసుకోవాలి?

ముందు సమయం. స్కాట్లండ్ పర్వతారోహకుడు విలియం నైస్మిత్ 1892లో చెప్పిన సూత్రం ఇప్పటికీ వాడుతున్నారు: ప్రతి 5 కిలోమీటర్లకు ఒక గంట, దానికి తోడు ప్రతి 600 మీటర్ల ఎత్తుకు ఇంకో గంట. అంటే 10 కిలోమీటర్ల దారిలో 600 మీటర్లు ఎక్కాల్సి ఉంటే 3 గంటలు. ఇది గట్టిగా నడవగలిగినవాళ్ల లెక్క, ఇందులో విశ్రాంతి లేదు. కొత్తవాళ్లు దీనికి సగం కలుపుకోవాలి. చీకటి పడే వేళ నుంచి వెనక్కి లెక్కవేసి బయల్దేరే టైమ్ పెట్టుకోండి.

ఎక్కడం ఊపిరిని పరీక్షిస్తుంది, దిగడం తొడలను పరీక్షిస్తుంది. దిగేటప్పుడు తొడ కండరం సాగుతూనే బరువును ఆపాలి. మర్నాడు వచ్చే ఒళ్లునొప్పులు ఎక్కువగా దీనివల్లే. కాబట్టి మొదటి కొండను చిన్నదిగా ఎంచుకోండి, చిన్న అడుగులతో దిగండి. ఊతకర్ర ఉంటే మోకాళ్లకు సాయం.

వెంట ఉండాల్సినవి: నీళ్లు, కొంచెం తిండి, గాలికి అడ్డంగా ఒక పొర బట్ట, టార్చి, ఛార్జింగ్ నిండా ఉన్న ఫోన్, ముందే డౌన్‌లోడ్ చేసుకున్న మ్యాపు. ఏ దారిలో వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పి వెళ్లండి. కొత్త షూ వేసుకుని పెద్ద నడకకు వెళ్లొద్దు.

ఎండ, వాన, పొగ: ఎప్పుడు ఇంట్లో ఉండిపోవాలి?

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి 7 నుంచి 14 రోజులు పడుతుంది. వేసవి మొదలవగానే నడక సమయం తగ్గించి, మళ్లీ మెల్లగా పెంచండి. గాలిలో తేమ ఎక్కువుంటే చెమట ఆరదు కాబట్టి అదే ఉష్ణోగ్రత ఇంకా ప్రమాదం. తలనొప్పి, వికారం, కాళ్లు పట్టేయడం కనిపిస్తే ఆగి నీడకు వెళ్లాలి. మాట తడబడటం, అయోమయం, స్పృహ తప్పడం ఉంటే అది వడదెబ్బ. అంబులెన్స్‌కు ఫోన్ చేస్తూనే, అది వచ్చేదాకా ఎదురుచూడకుండా ఒళ్లంతా చల్లటి నీళ్లతో తడిపి, విసరాలి.

ఉరుము వినిపిస్తే మైదానంలో ఉండొద్దు, చెట్టు కింద అసలే ఉండొద్దు. గట్టి కట్టడంలోకో కారులోకో వెళ్లి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. గాలిలో కాలుష్యం బాగా ఎక్కువున్న రోజు ఇంట్లో మెట్లు ఎక్కండి. మిగతా రోజుల్లో కూడా వాహనాలు తిరిగే పెద్ద రోడ్డుకు ఒకటి రెండు వీధులు లోపల నడిస్తే పీల్చే పొగ బాగా తగ్గుతుంది.

నీళ్లు ఎంత తాగాలి?

గంటలోపు వ్యాయామానికి దాహం ఎంత అడిగితే అంత. గంటల తరబడి నడిచేటప్పుడు, పరుగెత్తేటప్పుడు దాహం లేకపోయినా లీటర్లకు లీటర్లు తాగితే రక్తంలో సోడియం ప్రమాదకరంగా పడిపోతుంది. ఎక్కువసేపు చేసే రోజుల్లో నీళ్లతో పాటు ఉప్పు ఉన్న తిండి కూడా తీసుకోండి.

పరగడుపున చేస్తే ఎక్కువ కొవ్వు కరుగుతుందా?

ఆ గంటలో కొవ్వు కొంచెం ఎక్కువగా ఖర్చవుతుంది, నిజమే. మిగతా రోజులో శరీరం ఆ లెక్క సరిచేసుకుంటుంది. వారాల మీద చూస్తే తేడా ఉండదు. పొద్దునా సాయంత్రమా అన్నదీ అంతే, మీకు కుదిరే వేళే సరైన వేళ. అయితే భోజనం తర్వాత 10, 15 నిమిషాలు మెల్లగా నడిస్తే రక్తంలో చక్కెర ఒక్కసారి పెరగకుండా ఉంటుంది.

రోజూ అరగంట కూడా దొరకదు. నాలుగు నిమిషాల వ్యాయామాలు పనిచేస్తాయా?

ఆ నాలుగు నిమిషాల పద్ధతికి మూలం 1996లో జపాన్‌లో ఇజుమి తబాటా బృందం చేసిన ప్రయోగం: 20 సెకన్లు శక్తినంతా పెట్టి, 10 సెకన్లు విశ్రాంతి, అలా ఏడెనిమిది సార్లు. దమ్ము బాగా పెరిగింది. కానీ అందులో పాల్గొన్నవాళ్లు అప్పటికే మంచి ఫిట్‌గా ఉన్న యువకులు. కొత్తవాళ్లు అంత తీవ్రత జోలికి వెళ్లొద్దు. నాలుగు నిమిషాల్లో ఖర్చయ్యే కేలరీలు కూడా కొద్దే.

దానికంటే రోజును ముక్కలు చేసుకోండి. ఒకేసారి కనీసం 10 నిమిషాలు చేస్తేనే లెక్క అనే పాత షరతును ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో తీసేసింది. ఫోన్ మాట్లాడేటప్పుడు నడవడం, లిఫ్టు బదులు మెట్లు, ఒక స్టాపు ముందే బస్సు దిగడం, ఇవన్నీ లెక్కలోకి వస్తాయి.

ఒళ్లునొప్పులుంటే చేయొచ్చా?

కొత్త వ్యాయామం తర్వాత ఒకటి నుంచి మూడు రోజుల మధ్య కండరాలు సలపడం మామూలే. మెల్లగా నడిస్తే హాయిగా ఉంటుంది. ఒకేచోట పొడిచినట్టుండే నొప్పి, కీలు వాచడం, నడక కుంటిగా మారడం, వేలితో నొక్కితే ఎముక మీద నొప్పి, ఇవి దెబ్బ గుర్తులు. ఆపి డాక్టరుకు చూపించండి.

గుండెజబ్బు, షుగర్, బీపీ ఉన్నాయి. నేను చేయొచ్చా?

చాలామంది చేయొచ్చు, చేయాలి కూడా. కానీ డాక్టరుతో మాట్లాడి, ఎంతవరకు చేయొచ్చో తెలుసుకుని మొదలుపెట్టాలి. ఇన్సులిన్, కొన్ని రకాల షుగర్ మాత్రలు వాడేవాళ్లకు వ్యాయామం వల్ల చక్కెర బాగా పడిపోవచ్చు. జేబులో తీపి ఏదైనా ఉంచుకోండి, మందు మోతాదు గురించి ముందే అడగండి. షుగర్‌తో పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు నడిచొచ్చాక ప్రతిసారీ పాదాలు చూసుకోవాలి, చిన్న బొబ్బను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. బీటా బ్లాకర్ మందులు గుండె వేగాన్ని అదిమి ఉంచుతాయి కాబట్టి వాచీ అంకెలు పనికిరావు, పైన చెప్పిన మాటల పరీక్షే (మాట్లాడగలుగుతారు, పాట పాడలేరు) నమ్మండి.

ఛాతీలో బరువు, నొప్పి చేతికో దవడకో పాకడం, మామూలుకు మించిన ఆయాసం, కళ్లు తిరగడం, గుండె లయ తప్పడం: వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆపాలి, సాయం పిలవాలి. ఇంకో కిలోమీటరే కదా అనుకోవద్దు. గర్భిణులు కూడా సమస్యలేవీ లేకపోతే ఓ మోస్తరు వ్యాయామం కొనసాగించొచ్చు, వాళ్లను చూసే డాక్టరు సలహా మీద.

మొదలుపెట్టిన ప్రతిసారీ మధ్యలో మానేస్తున్నాను. ఏం చేయాలి?

21 రోజుల్లో అలవాటవుతుందనే మాట నమ్మొద్దు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఒక పని దానంతటదే జరిగే అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి అది 18 నుంచి 254 దాకా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా అందులోనే తేలింది. కాబట్టి వాన వల్లో జ్వరం వల్లో మూడు రోజులు పోతే అంతా పోయినట్టు కాదు.

రోజూ ఎలాగూ చేసే ఒక పనికి నడకను ముడిపెట్టండి: పిల్లలను బడి దగ్గర దింపగానే, ఆఫీసు అయిపోగానే. షూ తలుపు దగ్గర పెట్టండి. వీలైతే తోడు చూసుకోండి. మనకోసం ఒకరు వీధి మలుపులో ఎదురుచూస్తున్నారంటే దుప్పటి ముసుగేసుకుని పడుకోలేం. బాగా బద్ధకంగా ఉన్న రోజు కోసం ముందే ఒక అతి చిన్న లెక్క పెట్టుకోండి, 5 నిమిషాలు చాలు. రెండు వారాలకు మించి విరామం వస్తే పాత దూరంలో సగంతో మళ్లీ మొదలెట్టండి.

నాకు 65 దాటింది. ఇప్పుడు మొదలుపెడితే ఏం లాభం?

చాలా ఉంది. 1990లో ప్రచురించిన ఒక ప్రయోగంలో వృద్ధాశ్రమంలో ఉంటున్న, సగటున 90 ఏళ్ల వయసున్న కొద్దిమందితో 8 వారాల పాటు కాళ్లకు బరువుల వ్యాయామం చేయించారు. కాళ్ల బలం సగటున రెట్టింపు దాటింది. ఇద్దరు చేతికర్ర వదిలేసి నడిచారు.

ఈ వయసులో తూకం మీద ఆశ తగ్గించుకుని, బలం మీద, పడిపోకుండా నిలదొక్కుకోవడం మీద దృష్టి పెట్టాలి. తిండి బాగా తగ్గించేసి బరువు దించుకుంటే కండ, ఎముక రెండూ పలచబడతాయి. రోజూ నడక, వారానికి రెండు మూడు రోజులు కుర్చీలోంచి లేచి కూర్చోవడం, వంటింటి గట్టు పట్టుకుని మడమలు ఎత్తడం, గోడ పక్కన ఒంటికాలి మీద 10 సెకన్లు నిలబడటం. గోడకు చెయ్యి ఆనించి మొదలుపెట్టండి, తర్వాత ఒక్క వేలు, కుదిరాక అదీ తీసేయండి. పక్కన ఒకరు ఉండేలా మాత్రం చూసుకోండి.